పాట వెనుక పైకం: అమెరికా రేడియోలో ‘పేయోలా’ చరిత్ర

రేడియోలో ఒక పాట పదేపదే వినవస్తే, అది పదిమందికి నచ్చిన పాట కాబోలునని శ్రోత తలంచడం సహజం. ఎవరో రసజ్ఞుడు వందల పాటలు విని, వాటిలో మేలైనదానిని ఏరి మనకు వినిపిస్తున్నాడన్న విశ్వాసం ఆ తలంపునకు మూలం. ఆ ఏరిక కోసం ఎవరైనా చాటుగా వెల చెల్లించి ఉంటే, ఆ సంగతి శ్రోతకు తెలియకుండా దాచి ఉంటే, ఆ విశ్వాసం ఏమి కావాలి? ఇరవయ్యవ శతాబ్దపు మధ్యభాగంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలను కుదిపివేసిన ‘పేయోలా’ వ్యవహారమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

ఉర్దూలో రిష్వత్ అన్నా, తెలుగులో లంచమన్నా, అమెరికనులు పేయోలా అన్నా వస్తువు ఒకటే కదా అని తోచవచ్చు. కాని ఈ లంచానికి ఒక విశేషమున్నది. మామూలు లంచంలో నష్టపోయినవానికి తన నష్టం తెలుస్తుంది. కార్యాలయం మెట్లు ఎక్కి దిగిన రైతుకు తన పని ఎందుకు కాలేదో తెలియకపోదు. పేయోలాలో మాత్రం ఇచ్చినవాడు లాభపడ్డాడు, పుచ్చుకొన్నవాడు లాభపడ్డాడు, నష్టపోయిన శ్రోతకు తాను నష్టపోయిన సంగతే తెలియలేదు. ఈ వ్యవహారం ఎట్లు పుట్టిందో, చట్టం దానిని ఎట్లు అడ్డుకొనజూచిందో, ఆ పిమ్మట అది ఏయే రూపాలు దాల్చిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రేడియోకు పూర్వం

‘పే’ అనగా చెల్లింపు. విక్ట్రోలా, పియానోలా అనేవి ఆ కాలపు గ్రామఫోనుకూ, తనంతట తాను మ్రోగే పియానోకూ ఉన్న పేర్లు. ఆ పేర్ల చివరనున్న ‘ఓలా’ను చెల్లింపుకు తగిలించి సంగీత వ్యాపారులు ఈ వేళాకోళపు మాటను కల్పించుకొన్నారని చెబుతారు. మాట కంటె ఆచారం పాతది. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకాలలో న్యూయార్కు నగరంలో సంగీత ప్రచురణకర్తలు ఒకచోట చేరి వ్యాపారం సాగించారు. ఆ ప్రాంతానికి ‘టిన్ పాన్ ఆలీ’ అని పేరు వచ్చింది. వారు అమ్మింది స్వరలిపితో ముద్రించిన పాటల కాగితాలను. ఇంటింటా పియానో ఉన్న కాలమది. నాటకశాలలో పేరున్న గాయకుడు ఒక పాట పాడితే, మరునాడు ఆ కాగితం కోసం జనం దుకాణాలకు వచ్చేవారు. కనుక ప్రచురణకర్తలు గాయకులకు సొమ్మో, కానుకలో ఇచ్చి తమ పాటను పాడించుకొనేవారు. కొన్ని సందర్భాలలో గాయకుని పేరును రచయిత పేరు పక్కన చేర్చి, అమ్మకాలలో వాటా ఇచ్చేవారు. తరువాత వచ్చిన రేడియో ఈ అలవాటును కనిపెట్టలేదు, వారసత్వంగా పొందింది.

డిస్క్ జాకీల కాలం

1950 తరువాత అమెరికాలో టెలివిజన్ వేగంగా వ్యాపించింది. అంతవరకు రేడియోకు ప్రాణంగా ఉన్న నాటకాలు, హాస్య కార్యక్రమాలు, పేరున్న నటులు అందరూ టెలివిజనుకు తరలిపోయారు. ఖాళీ అయిన కాలాన్ని నింపుకొనడానికి స్టేషన్లకు చవకైన సాధనం ఒక్కటే దొరికింది. అది గ్రామఫోను రికార్డు. నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డును ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ 1949లో విడుదల చేసింది. తేలికైనది, చవకైనది, పిల్లలు సైతం కొనగలిగినది. రికార్డులు వేస్తూ, నడుమ నడుమ మాటలు చెప్పే వ్యక్తికి డిస్క్ జాకీ అని పేరు. ఏ రికార్డు వేయాలో నిర్ణయించే అధికారం ఆనాడు చాలావరకు అతని చేతిలోనే ఉండేది.

అదే కాలంలో చిన్న రికార్డు కంపెనీలు అనేకం తలెత్తాయి. న్యూయార్కులో అట్లాంటిక్, షికాగోలో చెస్, మెంఫిస్‌లో సన్ అట్టివే. పెద్ద కంపెనీలు అంతగా లక్ష్యపెట్టని నల్లజాతి గాయకులను, పల్లెపాటల గాయకులను ఇవి ఆదరించాయి. వీరి సంగీతం నుండే ‘రాక్ అండ్ రోల్’ రూపుదిద్దుకొన్నది. వారం వారం స్టేషనుకు వచ్చిపడే రికార్డుల గుట్టలో తమ రికార్డు కూడా ఒకటి. దానిని జాకీ చేతికి అందేటట్లు చేయడమే వారి సమస్య. దేశమంతటా ప్రకటనలు వేయించే స్తోమత వారికి లేదు. కవరులో పెట్టిన నోట్లు, పండుగ కానుకలు, పాట రాయల్టీలో వాటా, ఇవే వారి ప్రచార సాధనాలయ్యాయి. పెద్ద కంపెనీలు సైతం ఈ మార్గానికి దూరంగా ఉండలేదు.

రాయల్టీలో వాటా అన్నదానిని కొంత వివరించవలసి ఉన్నది. అమెరికాలో రేడియో స్టేషను పాట వేసినప్పుడు ఆ పాట రచయితకూ, ప్రచురణకర్తకూ రాయల్టీ చెల్లిస్తుంది. పాడినవారికిగాని, రికార్డు చేసిన కంపెనీకిగాని చెల్లించదు. ఈ పద్ధతి నేటికీ మారలేదు. కాబట్టి రచయితగా ఎవరి పేరు అచ్చయితే వారికి పాట మ్రోగినంతకాలం ఆదాయం వస్తూనే ఉంటుంది. జాకీ పేరును రచయితల వరుసలో చేర్చడమంటే, ఆ పాటను ఎంత తరచుగా వేస్తే అంత లాభం అతనికి దక్కేటట్లు ఏర్పాటు చేయడమన్నమాట. కవరులోని నోట్లు ఒకనాటితో ఖర్చయిపోతాయి. ఇది ఏళ్ళ తరబడి పండే పొలం.

ఇద్దరు వ్యక్తులు, రెండు తీర్పులు

ఆలన్ ఫ్రీడ్ 1951లో క్లీవ్‌లాండ్ నగరంలో ఒక రేడియో కార్యక్రమం ప్రారంభించి, నల్లజాతి సంగీతాన్ని తెల్లజాతి యువకులకు వినిపించి పేరు పొందాడు. ‘రాక్ అండ్ రోల్’ అన్న పేరును జనం నోట నిలిపినవారిలో అతడు ముఖ్యుడు. 1954లో న్యూయార్కు చేరి మరింత ప్రఖ్యాతుడైనాడు. 1955లో చెస్ కంపెనీ వెలువరించిన చక్ బెరీ తొలి రికార్డు ‘మేబెలీన్’పై రచయితలుగా మూడు పేర్లు ఉన్నాయి. బెరీ పేరు ఒకటి, రస్ ఫ్రాటో పేరు మరొకటి, మూడవది ఆలన్ ఫ్రీడ్ పేరు. ఫ్రీడ్ ఆ పాటను తన కార్యక్రమంలో విరివిగా వినిపించాడు. పాటపై పూర్తి హక్కు 1986లో గాని బెరీకి తిరిగి దక్కలేదు.

1959లో అమెరికా టెలివిజన్ క్విజ్ పోటీలలో జవాబులు ముందుగా చెప్పిపెట్టేవారన్న రహస్యం బయటపడి దేశం దిగ్భ్రమ చెందింది. ఆ విచారణ జరిపిన ప్రతినిధుల సభ ఉపసంఘమే తరువాత రికార్డుల వైపు దృష్టి మరల్చింది. దాని అధ్యక్షుడు ఆర్కన్సా రాష్ట్రానికి చెందిన ఓరెన్ హారిస్. తాను పేయోలా పుచ్చుకొనలేదని సంతకం చేయవలసిందిగా ఫ్రీడ్ పనిచేస్తున్న స్టేషను 1959 నవంబరులో అతనిని కోరింది. అతడు నిరాకరించాడు, ఉద్యోగం పోయింది. న్యూయార్కు రాష్ట్రపు వ్యాపార లంచ నిరోధక చట్టం క్రింద అభియోగం వచ్చింది. 1962 డిసెంబరులో రెండు ఆరోపణలను అంగీకరించగా న్యాయస్థానం 300 డాలర్ల జరిమానా విధించింది. శిక్ష చిన్నదే. కాని అప్పటికే అతనికి పని ఇచ్చేవారు కరువయ్యారు. తరువాత ఆదాయపు పన్ను వ్యవహారంలో చిక్కుకొని, 1965 జనవరిలో తన 43వ యేట మరణించాడు.

రెండవ వ్యక్తి డిక్ క్లార్క్. ఫిలడెల్ఫియా నుండి ప్రసారమైన ‘అమెరికన్ బాండ్‌స్టాండ్’ అనే టెలివిజన్ కార్యక్రమం ద్వారా అతడు దేశంలోని యువజనులందరికీ పరిచితుడు. సంగీత వ్యాపారంతో ముడిపడిన 33 సంస్థలలో అతనికి ప్రయోజనాలు ఉండేవని విచారణలో తేలింది. తాను వినిపించే పాట తనకే లాభం తెచ్చే పాట కావచ్చునన్నమాట. టెలివిజన్ కంపెనీ కోరగా అతడు ఆ ప్రయోజనాలను వదలుకొన్నాడు. 1960లో ఉపసంఘం ఎదుట నిబ్బరంగా సాక్ష్యమిచ్చి, ఏ అభియోగమూ లేకుండా బయటపడ్డాడు. తరువాత దశాబ్దాల పాటు దేశంలో మన్ననలందుకొన్నాడు.

ఇద్దరి కథలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక సత్యం కానవస్తుంది. చేతికి పైకం పుచ్చుకొనడం నేరంగా కనబడింది. పైకం పుట్టే చెట్టునే సొంతం చేసుకొనడం వ్యాపారంగా కనబడింది. శ్రోత దృష్టితో చూస్తే రెండింటి ఫలితం ఒకటే.

మరొక సంగతి కూడా గమనింపదగినది. ఆనాటి ఆగ్రహంలో నీతితోపాటు అసూయ కూడా కలిసి ఉన్నది. పాత తరహా పాటల రచయితలు, ప్రచురణకర్తలు ‘ఆస్కాప్’ అనే సంఘంలో ఉండేవారు. కొత్త సంగీతం అధికంగా ‘బి.ఎం.ఐ.’ అనే పోటీ సంస్థ పక్షాన ఉండేది. రాక్ అండ్ రోల్ వంటి సంగీతాన్ని జనం మెచ్చరనీ, లంచమే దానిని నిలబెడుతున్నదనీ ఆస్కాప్ పక్షంవారు వాదించారు. లంచం ఉన్న మాట నిజం. కాని లంచం పోయిన తరువాత కూడా ఆ సంగీతం నిలిచింది. జనం మెచ్చని పాటను లంచం కొన్నాళ్ళు మ్రోగించగలదేమో, మెచ్చిన పాటను లంచం లేకపోవడం చంపలేదు. అయితే జనం చెవిదాకా చేరకుండా దానిని ఆపగలదు. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది.

1960 నాటి చట్టం

స్టేషను సొమ్ము పుచ్చుకొని ఏదైనా ప్రసారం చేస్తే, ఆ సంగతిని ప్రసారంలోనే చెప్పి తీరాలన్న నియమం అమెరికాలో 1927 నాటి రేడియో చట్టంలోనే ఉన్నది. 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం దానిని కొనసాగించింది. కాని ఆ నియమం స్టేషను యజమానికి వర్తించింది. యజమానికి తెలియకుండా జాకీ తన జేబులో వేసుకొన్న దానికి వర్తించలేదు. ఆ సందును పూడ్చడానికి కాంగ్రెసు చట్టాన్ని సవరించింది. 1960 సెప్టెంబరు 13న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేశాడు. దాని ప్రకారం రహస్యంగా ఇచ్చినవారికీ, పుచ్చుకొన్నవారికీ 10,000 డాలర్ల వరకు జరిమానా, ఒక సంవత్సరం వరకు ఖైదు విధించవచ్చు. లంచం పుచ్చుకొన్నవానితోపాటు ఇచ్చినవానిని కూడా ఇస్లాం దోషిగా ఎంచుతుందని మన విద్యార్థులకు తెలిసినదే. ఈ చట్టం కూడా ఆ న్యాయాన్నే పాటించింది.

ఈ చట్టంలోని కీలకాన్ని చాలామంది సరిగా గ్రహించరు. పాట వేయడానికి డబ్బు తీసుకొనడాన్ని ఇది నిషేధించలేదు. తీసుకొన్న సంగతిని దాచడాన్ని నిషేధించింది. “ఈ పాటను ఫలానా కంపెనీ సొమ్ము చెల్లించి వేయిస్తున్నది” అని శ్రోతలకు చెప్పి వేస్తే నేరం లేదు. ప్రకటన అని తెలిసిన ప్రకటన ఎవరినీ మోసగించదు. సంతలో దళారీ తాను దళారీనని చెప్పుకొని ఎద్దును పొగిడితే కొనేవాడు తన జాగ్రత్తలో తానుంటాడు. తోటి రైతు వేషంలో వచ్చి పొగిడితేనే చిక్కు.

డబ్బు దారి మార్చుకొన్నది

చట్టం వచ్చిన తరువాత స్టేషన్లు జాకీల చేతినుండి పాటల ఎంపికను తీసివేసి, ప్రోగ్రాం డైరెక్టరు చేతికి అప్పగించాయి. నలభై పాటల జాబితాను మళ్ళీ మళ్ళీ త్రిప్పే పద్ధతి బలపడింది. వారానికి ఆ జాబితాలో చోటు దొరికే కొత్త పాటలు కొద్ది మాత్రమే. పూర్వం అనేక ద్వారాలున్న ఇంటికి ఇప్పుడు ఒకే ద్వారం మిగిలింది. ద్వారాలు తగ్గినకొద్దీ ద్వారపాలకుని విలువ పెరుగుతుంది.

1970ల తరువాత ‘స్వతంత్ర ప్రచారకులు’ అనే మధ్యవర్తులు ప్రబలారు. రికార్డు కంపెనీ తాను స్వయంగా స్టేషనుకు ఏమీ ఇవ్వదు. మధ్యవర్తికి రుసుము చెల్లిస్తుంది. ఆ మీదట ఏమి జరిగిందో తనకు తెలియదంటుంది. 1986 ఫిబ్రవరిలో ఎన్.బి.సి. టెలివిజన్ వార్తలలో ఈ మధ్యవర్తులపై సంచలనాత్మకమైన కథనం రాగా, పెద్ద కంపెనీలు వారితో సంబంధం తెంచుకొంటున్నట్లు ప్రకటించాయి. కొంతకాలానికి మధ్యవర్తులు కొత్త పద్ధతితో తిరిగి వచ్చారు. స్టేషనుకు ఏటా ‘ప్రచార సహాయం’ పేరిట కొంత మొత్తం ఇవ్వడం, ఆ స్టేషను జాబితాలో కొత్త పాట చేరినప్పుడల్లా రికార్డు కంపెనీకి బిల్లు పంపడం ఆ పద్ధతి. ఫలానా పాటకు ఫలానా సొమ్ము అని ఎక్కడా వ్రాసి ఉండదు.

1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం, దేశం మొత్తం మీద ఒక కంపెనీ 40 స్టేషన్లకు మించి కలిగి ఉండరాదన్న పరిమితిని ఎత్తివేసింది. కొద్ది సంవత్సరాలలోనే క్లియర్ ఛానెల్ అనే ఒక్క కంపెనీ చేతిలోకి 1,200 పైచిలుకు స్టేషన్లు వచ్చాయి.

న్యూయార్కు రాష్ట్ర అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ జరిపించిన దర్యాప్తు 2005లో ఈ తెర తొలగించింది. స్టేషన్ల ఖర్చులను కంపెనీలు భరించడం, ఉద్యోగులకు విహారయాత్రలు, ఖరీదైన వస్తువులు అందజేయడం వెలుగులోకి వచ్చాయి. శ్రోతలమని చెప్పుకొంటూ స్టేషనుకు టెలిఫోను చేసి పాట కోరేందుకు కొందరికి కూలి ఇచ్చినట్లు కూడా తేలింది. అర్ధరాత్రి వేళ ప్రకటనల కాలాన్ని కొని, అందులో పాటను వేయించి, ఎన్నిమార్లు మ్రోగిందన్న లెక్కను పెంచుకొనడం మరొక ఉపాయం. ఆ లెక్కను బట్టి పాట స్థానం పైకి పోతుంది, ఆ స్థానాన్ని చూసి ఇతర స్టేషన్లు ఆ పాటను అందుకొంటాయి. సోనీ బి.ఎం.జి. 10 మిలియన్ డాలర్లు, వార్నర్ 5 మిలియన్లు, యూనివర్సల్ 12 మిలియన్లు చెల్లించి రాజీపడ్డాయి. 2007లో నాలుగు పెద్ద రేడియో కంపెనీలు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనుతో రాజీకి వచ్చి, 12.5 మిలియన్ డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొన్నాయి.

1959లో పట్టుబడింది వ్యక్తులు, 2005లో పట్టుబడింది సంస్థలు. ఈ నడుమ పైకం మాయం కాలేదు, ఒక అంతస్తు పైకి ఎక్కింది. అంతస్తు పెరిగినకొద్దీ నిచ్చెన పొడవు పెరిగింది. 1955లో కొద్దిపాటి సొమ్ముతో ఒక చిన్న కంపెనీ జాకీని చేరుకోగలిగింది. తరువాతి కాలంలో ఆ దారి కూడా ధనికులకే మిగిలింది. ఇది పాత లంచాన్ని సమర్థించే మాట కాదు. ఒక్క జేబును మాత్రమే తనిఖీ చేసే సంస్కరణ చాలదని తెలిపే మాట.

మన శ్రోతల అనుభవం

మన దేశంలో రేడియో చిరకాలం ప్రభుత్వం చేతిలోనే ఉన్నందున కథ వేరుగా నడిచింది. బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్న కాలంలో, 1952 ప్రాంతంలో, ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు కరువైంది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. 1952లో అక్కడ మొదలైన ‘బినాకా గీత్‌మాలా’ కార్యక్రమం అమీన్ సయానీ కంఠంతో దేశమంతటా మారుమ్రోగింది. బినాకా ఒక టూత్‌పేస్టు పేరు. కార్యక్రమానికి సొమ్ము ఎవరు ఇస్తున్నారో కార్యక్రమం పేరులోనే ఉన్నది. పాటల వరుసను నిర్ణయించడానికి రికార్డుల దుకాణాల అమ్మకాలతోపాటు శ్రోతల సంఘాల అభిప్రాయాలను కూడా లెక్కకు తీసుకొన్నారు. ఒకే లెక్కను వంచడం సులభం, రెండు లెక్కలను ఒకేసారి వంచడం కష్టం.

1957లో మొదలైన వివిధ భారతిలో 1967 నుండి వాణిజ్య ప్రకటనలకు అవకాశం కలిగింది. కొత్త చిత్రాలను గూర్చి పావుగంటసేపు సాగే ప్రాయోజిత కార్యక్రమాలు పెద్దలందరికీ జ్ఞాపకముంటాయి. అందులో పొగడ్త మిక్కిలిగా ఉండేది. అయినా అది చిత్రనిర్మాత తరఫు పొగడ్త అని పల్లెలోని శ్రోతకు సైతం తెలుసు. ‘ప్రాయోజిత కార్యక్రమం’ అన్న మాట ఒక్కటే పేయోలాకూ ప్రకటనకూ నడుమ సరిహద్దు రాయి.

నేటి రూపం

నేడు పాటను ఏరి ఇచ్చేది అనేకమందికి కంప్యూటరు గణనపద్ధతి. ఇంటర్నెట్ ద్వారా సంగీతం అందించే స్పాటిఫై సంస్థ 2020 నవంబరులో ‘డిస్కవరీ మోడ్’ అనే ఏర్పాటును ప్రకటించింది. గాయకుడుగాని, కంపెనీగాని ఎంపిక చేసిన పాటను గణనపద్ధతి మరికొంత మందికి సూచిస్తుంది. ముందుగా చెల్లించవలసినది ఏమీ లేదు. ఆ సూచనల మూలంగా విన్న వినికిడిపై రాయల్టీలో 30 శాతాన్ని సంస్థ మినహాయించుకొంటుంది. ఇది కొత్త పేరుతో వచ్చిన పాత పేయోలాయే కదా అని విమర్శకులు అడిగారు. అమెరికా ప్రతినిధుల సభ సభ్యులు ఇద్దరు 2021లో సంస్థకు లేఖ వ్రాశారు. అందరూ తక్కువ రాయల్టీకి ఒప్పుకొంటే ఎవరికీ అదనపు శ్రోతలు దక్కరనీ, అందరి ఆదాయమూ తగ్గుతుందనీ వారి ఆందోళన. 1960 నాటి చట్టం రేడియో, టెలివిజన్ ప్రసారాలకు సంబంధించినది. ఇంటర్నెట్ సంగీతానికి అది వర్తించదు. చట్టం ఎప్పుడూ నిన్నటి ద్వారానికే కావలి కాస్తుందనడానికి ఇది నిదర్శనం.

ముగింపు

పేయోలా చరిత్ర సంగీతప్రియులకు మాత్రమే సంబంధించినది కాదు. ఇతరుల తరఫున ఏరిక చేసే ప్రతి స్థానానికీ ఇదే ధర్మం వర్తిస్తుంది. గ్రంథాలయానికి పుస్తకాలు ఎంచేవారు, పోటీలలో బహుమతులు నిర్ణయించేవారు, ప్రవేశాల జాబితా తయారుచేసేవారు, పత్రికలో గ్రంథ సమీక్షలు వ్రాసేవారు అందరూ ఒక విధమైన డిస్క్ జాకీలే. వారికి స్వప్రయోజనం ఉండటం ఒక్కొక్కప్పుడు తప్పకపోవచ్చు. దానిని బయటపెట్టడం మాత్రం ఎల్లప్పుడూ సాధ్యమే.

విద్యార్థి మిత్రులు ఏ జాబితాను చూసినా, ఏ సిఫారసును విన్నా మూడు ప్రశ్నలు వేసుకొనడం అలవరచుకోవాలి. దీనిని ఏరినవారెవరు? ఏరినందుకు వారికి ఎవరైనా ఏమైనా ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఆ సంగతి మనకు చెప్పారా? మూడవ ప్రశ్నకు జవాబు దొరకని చోట, మనం విన్న పాటను గూర్చి కాక, వినకుండా పోయిన పాటను గూర్చి ఆలోచించాలి. నోట్ల కట్ట లేని కారణాన ఎందరు గాయకుల రికార్డులు ఆ గుట్టల అడుగునే ఉండిపోయాయో లెక్క వ్రాసినవారు లేరు. పేయోలా చేసిన నష్టంలో పెద్దభాగం ఆ వ్రాయని లెక్కలోనే ఉన్నది.